కొండ మీద చోటు పట్టే పిల్ల

రంజాన్ మర్నాడు బాసీ పండగ. పండగ రోజంతా నమాజులతో, వచ్చేపోయే చుట్టాలతో, సేమ్యా గిన్నెలతో సరిపోతుంది కాబట్టి పిల్లలకి అసలు పండగ బాసీ రోజునే. ఆ రోజు వన్ టౌన్ పరుపుల హుమాయూన్ ఇల్లు ఇల్లంతా గాంధీ కొండ ఎక్కాల్సిందే. దూది ఏకడం, పరుపులు కుట్టడం ఆ ఇంట్లో తాతల నాటి పని. ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. షాపింగులు, సినిమాలు తెలిసిన కుటుంబం కాదు. ఏడాదికి ఒక్క షికారు, అదీ కూతవేటు దూరంలో ఉన్న కొండకి.

కొండ మీద తోట ఉంది, పచ్చిక ఉంది, పిల్లల రైలుంది. లేనిదల్లా నీడ. ఆ రోజుల్లో, అంటే ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో, రంజాన్ ఏప్రిల్, మే ఎండల్లో పడేది. బెజవాడ ఏప్రిల్ గురించి బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా నమ్మరు. పచ్చిక చివర నిద్రగన్నేరు చెట్టు ఒకటి మాత్రం దయతలచి నాలుగు కుటుంబాలకి సరిపడా నీడ పరిచేది. ఆ రోజు కొండెక్కే ప్రతి కుటుంబానికీ ఆ చెట్టు కిందే కావాలి. కాబట్టి పొద్దున్నే ఒకరు వెళ్ళి, జంపఖానా పరిచి, మిగతావాళ్ళు వచ్చేదాకా కాపలా కూర్చోవాలి. హుమాయూన్ ఇంట్లో ఆ ఒకరు మెహరాజ్.

మొదట్లో ఆ పని పెద్దవాడు నాసిర్‌ది. వాడు జంపఖానా పరిచిన మాట నిజమే, పరిచి క్రికెట్టు ఆడటానికి పోయాడు. అందరూ వచ్చేసరికి ఎవరో దాన్ని మడతపెట్టి బుద్ధిగా ఎండలో పెట్టారు. మరుసటేడు ఎనిమిదేళ్ళ మెహరాజ్‌ని కూర్చోబెట్టారు. కాసేపటికి భవానీపురం నుంచి పెద్ద గుంపు ఒకటి దిగింది. అందులో ఒకావిడ మంచి మాటలతోనే, "ఒక్కదానివే కదమ్మా, ఇంత చోటు నీకెందుకు? కాస్త జరుగు" అంది. మెహరాజ్ జరగలేదు. మాట్లాడలేదు కూడా. కాళ్ళూ చేతులూ చాపి జంపఖానా మీద బోర్లా పడుకుంది. హుమాయూన్ కొండెక్కి వచ్చేసరికి పిల్ల అలాగే ఉంది, ఆ గుంపు చుట్టూ నిలబడి నవ్వుతోంది.

"ఇదిరా పిల్లంటే! మెహరాజ్ పడుకుంటే మున్సిపాలిటీ వాళ్ళొచ్చినా లేపలేరు" అని హుమాయూన్ పడీపడీ నవ్వాడు. కొట్టుకి పరుపు బేరానికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఏడాదంతా అదే కథ చెప్పాడు. పిల్లల్ని కట్టిపడెయ్యడానికి తాళ్ళక్కర్లేదు, నలుగురిలో ఒక్కసారి మెచ్చుకుంటే చాలు. ఆ తర్వాత చోటు పట్టడం ఎవరి పని అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

తెల్లవారుజామునే తండ్రి సైకిల్ మీద జంపఖానా, నాలుగు చిన్న దిండ్లు పెట్టుకుని పిల్లని కొండ దగ్గరికి తీసుకొచ్చేవాడు. జంపఖానా గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు దిండ్లు. "ఇక్కణ్ణించి కదలమాక నాన్నా, ఇట్టే వస్తాం" అని దిగిపోయేవాడు. ఇట్టే అంటే ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా. ఇంట్లో ఆడవాళ్ళు పలావు దించాలి, పిల్లలకి తలంట్లు పొయ్యాలి, చల్లపల్లి నుంచి మేనత్త ఆమినాబీ వాళ్ళు బస్సు దిగాలి. అంతసేపూ మెహరాజ్ ఒక్కతే. తోటమాలి గొట్టంతో నీళ్ళు పడుతుంటే చూసేది. కింద స్టేషన్లో రైళ్ళు కదులుతుంటే చూసేది. వన్ టౌన్ డాబాల మధ్య దూది ఆరబోసిన తమ డాబా ఏదో వెతుక్కునేది. దాహం వేసినా లేచేది కాదు. ఎవరైనా వచ్చి ఇక్కడ ఎవరైనా ఉన్నారా అంటే, "మావాళ్ళొస్తున్నారు" అనేది. ఆ మాట అనడం ఆ పిల్లకి మహా గర్వం. ఒంటరిగా కూర్చున్న పిల్ల కాదు తను, వెనకాల పెద్ద మంద ఉన్న పిల్ల.

మలుపు దగ్గర మొదట తండ్రి టోపీ, తర్వాత క్యారేజీలు, తర్వాత పిల్లల గోల కనిపించగానే ఆమె గుండె ఎగిరేది. ఏడాది మొత్తం మీద అంత సంతోషం ఇంకెప్పుడూ లేదు. అయితే అది ఎంతోసేపు నిలిచేది కాదు. వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, క్యారేజీలు దింపి, మంచినీళ్ళు తాగి, "రైలు, రైలు" అని లేచేవాళ్ళు. నాసిర్, అక్క మహెక్, తమ్ముడు తౌసిఫ్, అత్త పిల్లలు, వాళ్ళని పట్టుకోవడానికి పెద్దవాళ్ళు. సామాన్లు ఎవరు చూస్తారని అమ్మ అంటే ఎవరో ఒకరు, "మెహరాజ్ ఉందిగా" అనేవాళ్ళు.

నిజమే, మెహరాజ్ ఉంది. చెప్పుల కుప్ప పక్కన కూర్చుని ఉంది. రైలు కొండ చుట్టూ తిరిగి చెట్టు ముందు నుంచి వెళ్ళేటప్పుడు అందరూ ఆమెకి చేతులూపేవాళ్ళు. ఆమె కూడా ఊపేది. "వచ్చే ట్రిప్పుకి నువ్వెక్కుదువుగానీ" అని తండ్రి కేక వేసేవాడు. వచ్చే ట్రిప్పుకి భోజనాల వేళయ్యేది. భోజనాలయ్యాక పెద్దవాళ్ళు కునికేవాళ్ళు. కునికి లేచేసరికి పొద్దువాలేది. ఏడాదికి ఒక్కరోజు షికారులో ఎంతసేపని రైళ్ళెక్కుతారు?

ఎవరూ ఆమెని చిన్నచూపు చూశారని కాదు. అడిగితే ఎక్కించేవాళ్ళే. ఆమె అడగలేదు. తను అడక్కుండా, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని వెనక్కి వచ్చి, "నువ్వు రాలేదేంటే, పద" అనాలని ఆ పిల్ల కోరిక. ఇది పైకి చిన్నగా కనిపించే పెద్ద కోరిక, దీంతో సుఖపడ్డవాళ్ళెవరూ లేరు. అయినా మెహరాజ్ దాన్ని వదల్లేదు. వదలకపోవడానికి కారణం ఒక ఏడాది జరిగిన సంగతి.

ఆ ఏడు నెలవంక బెజవాడ వాళ్ళకి కనపడింది, చల్లపల్లి వాళ్ళకి కనపడలేదు. చూసినవాళ్ళెవరో వచ్చి సాక్ష్యం చెబితే తప్ప ఒప్పుకోమని అక్కడి మసీదు పెద్దలు పట్టుబట్టారు. బెజవాడలో పండగ అయిపోయింది, చల్లపల్లిలో ఇంకో ఉపవాసం పడింది. మర్నాడు బెజవాడకి బాసీ. పలావు పొయ్యి మీదుంది. పిల్లలు కొత్త బట్టలేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. అప్పుడు హుమాయూన్ కొట్టులోంచి వచ్చి, ఇవాళ కొండ లేదు, రేపు వెళదాం అన్నాడు.

"రేపేంటండీ? బాసీ ఇవాళైతేనూ!" అంది భార్య.

"ఆమినా వాళ్ళకి పండగ ఇవాళ. వాళ్ళకి పండగ కాకుండా మనకి బాసీ ఏంటి? అందరి పండగా అయ్యాకే బాసీ."

పిల్లలు కింద పడి ఏడ్చారు. భార్య చేస్తున్న పలావుని తిట్టుకుంటూ వీధిలో పంచి, మర్నాడు మళ్ళీ వండింది. ఆ మర్నాడు ఆమినాబీ ఆలస్యమైపోయిందని బితుకుబితుకుమంటూ కొండెక్కి వచ్చింది. "మీదంతా నిన్ననే అయిపోయుంటది, ఊరికే నిన్ను చూసి పోదామని వచ్చాను అన్నయ్యా" అంది. చెట్టు కింద అందరూ కూర్చుని ఉన్నారు, క్యారేజీ మూత ఇంకా తియ్యలేదు. ఆగామని హుమాయూన్ చెప్పలేదు, వాళ్ళావిడే కాస్త విసుగ్గా చెప్పింది. ఆమినాబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. సంతోషానికి కూడా అంత గట్టిగా ఏడుస్తారని మెహరాజ్‌కి అప్పుడే తెలిసింది. చెప్పుల పక్కన కూర్చుని ఆ పదేళ్ళ పిల్ల అత్త మొహం వంకే చూస్తూ ఉండిపోయింది. తన కోసం కూడా ఏదో ఒకరోజు ఇంతమంది ఇలా ఆగాలని అనుకుంది.

తర్వాత జరిగినవి ఎవరి జీవితంలోనైనా జరిగేవే. మెహరాజ్‌ని ఆమినాబీ కొడుక్కే ఇచ్చి చల్లపల్లి పంపారు. హుమాయూన్ పోయాడు, ఆయన వెనకే భార్యా పోయింది. కొన్నాళ్ళకి ఆమినాబీ కూడా వెళ్ళిపోయింది. మెహరాజ్ భర్త మంచివాడు, ఆ మంచివాడు విషజ్వరంతో మూడు రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. పుట్టింటికి వచ్చెయ్యమని నాసిర్ ఒకసారి అన్నాడు. రెండోసారి అంటే వెళదామని ఆమె చూసింది. ఆ రెండోసారి రాలేదు, ఆమె చల్లపల్లిలోనే ఉండిపోయింది. ఇంటి ముందు గదిలో దిండ్లు కుట్టుకుంటూ, దూది నుసి మధ్య రేడియో పెట్టుకుని బతికింది. పగలు పర్వాలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఎవరితోనైనా ఒక్క మాట మాట్లాడాలని నోరు పీకేది.

బాసీ మాత్రం ఆగలేదు. నాసిర్ ఆ ఆనవాయితీ నిలబెట్టాడు. ఆమె ఏటా చల్లపల్లిలో మొదటి బస్సెక్కి, ఎవరింటికీ వెళ్ళకుండా తిన్నగా కొండకి వచ్చి చెట్టు కింద జంపఖానా పరిచేది. మధ్యాహ్నానికి అన్నా, వదినా, గవర్నర్‌పేట నుంచి అక్క మహెక్, తమ్ముడు తౌసిఫ్, వాళ్ళ వాళ్ళ పిల్లలూ వచ్చేవాళ్ళు. తనవాళ్ళందర్నీ ఒక్కచోట చూసే రోజు ఆమెకి ఏడాదిలో అదొక్కటే. భోజనాలయ్యాక చిన్నప్పటి కబుర్లు వచ్చేవి. రైల్లో తౌసిఫ్ కక్కుకోవడం, మహెక్ రిబ్బను ఎగిరిపోవడం, నాసిర్ కదిలే రైల్లోంచి దూకి తన్నులు తినడం. మెహరాజ్ నవ్వుతూ వినేది.

"నీకు గుర్తులేదటే? ఆ రిబ్బను పోయినప్పుడు నా పక్కన కూచుంది నువ్వే కదా" అంది మహెక్ ఒకసారి.

"అవునక్కా" అంది మెహరాజ్. ఆ రైలు లోపల కూర్చునే బల్లలు ఏ రంగువో కూడా ఆమెకి తెలియదు.

ఇక ఆ ఏడాది. రెండు వేల ఆరో ఏడో. రంజాన్ జరుగుతూ జరుగుతూ అక్టోబరు వానల్లోకి వచ్చింది. నెలవంక చూడాల్సిన సాయంత్రం చల్లపల్లి మీద మబ్బు దట్టంగా పట్టింది. మసీదు నుంచి రేపు కూడా ఉపవాసమే అని చెప్పారు. మర్నాడు మధ్యాహ్నం దిండు గలీబుల కోసం వచ్చిన ఒకావిడ, "బెజవాడలో ఇవాళే పండగంట కదమ్మా, మా మరిది ఫోన్ చేశాడు" అంది.

మెహరాజ్ చేతిలో సూది ఆగింది. ముందుగా వచ్చిన ఆలోచన, అయితే వాళ్ళకి బాసీ రేపే. వెనకే ఇంకొకటి వచ్చింది. ఆగుతారు. నాన్న అత్త కోసం ఆగలేదూ? ఇప్పుడు చల్లపల్లిలో ఉన్నది తను. ఈసారి తన వంతు.

సందు చివర కూల్‌డ్రింక్ కొట్టులో రూపాయి ఫోనుంది. ఆమె వెళ్ళింది. రూపాయి వేసి నాసిర్ ఇంటి నంబరు నొక్కింది. అవతల మోగుతోంది. ఎవరో ఎత్తేలోపు పెట్టేసింది. ఫోన్ చేసి, మాకు పండగ రేపు, ఆగండన్నయ్యా అంటే ఆగుతారు. ఆగకేం చేస్తారు? కానీ అది తను అడిగితే ఆగడం. ఆమెకి కావాల్సింది అది కాదు. ఇంత చెప్పాక ఆమె అమాయకురాలని అనుకునేరు, కాదు. ఆగకపోవచ్చని ఆమెకి తెలుసు. తెలిసే పెట్టేసింది. ఆ కొట్టువాడికి, నాకేమైనా ఫోనొస్తే పిలువు బాబూ అని మాత్రం చెప్పింది. ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు. వెళ్ళిపోతున్నామని చెప్పలేదంటే ఆగుతున్నారనేగా అర్థం అనుకుంది. మనసుకి కావాల్సిన అర్థం దొరకబుచ్చుకోవడం ఎంతసేపు?

తన పండగ సాయంత్రం ఆమె అందరికీ సరిపడా వండింది. వదినకి ఇష్టమని పలావులోకి దాల్చా చేసింది, తౌసిఫ్ పిల్లల కోసం సేమ్యాలో జీడిపప్పు ఎక్కువేసింది. మర్నాడు చీకటితోనే మొదటి బస్సెక్కింది. పామర్రు దాటాక తెల్లారింది. తడిసిన వరి చేలు, కాలవ గట్లు వెనక్కి పోతుంటే ఆమె తనలో తనే నవ్వుకుంది. తను వెళ్ళేసరికే వాళ్ళు వచ్చి కూర్చుని ఉంటే? అత్త ఏడ్చినట్టు తనకి కూడా ఏడుపొస్తుందా?

కొండ మీద ఎవరూ లేరు. మామూలు పనిరోజు. పైగా సన్నటి మబ్బు. గేటు దగ్గర టిక్కెట్టిచ్చే అమ్మాయి ఆవలిస్తూ లోపలికి పంపింది. మెహరాజ్ చెట్టు కింద చెత్త ఏరి, జంపఖానా పరిచి కూర్చుంది. ఈసారి ఎండ లేదు. నీడ కోసం పోటీ పడేవాళ్ళు లేరు. కొండంతా ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు. అయినా ఆమె మధ్యలో కూర్చుని నాలుగు వైపులా చెయ్యి చాపి దులిపింది.

పది దాటింది. ఊడ్చే ఆవిడ ఏసుపాదం అని మొగుణ్ణి కేకేస్తూ అటు వచ్చి, "ఒక్కరే వచ్చారేంటమ్మా?" అంది.

"మావాళ్ళొస్తున్నారు" అంది మెహరాజ్.

మధ్యాహ్నం ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి అడగలేదు, క్యారేజీల వంక చూసి వెళ్ళింది. మలుపు దగ్గర ఎవరి తల కనపడినా మెహరాజ్ సర్దుకుని కూర్చునేది. కాలేజీ ఎగ్గొట్టిన జంటలు, ఫోటోలు తీసుకునే ఎవరో ఇద్దరు ముసలాళ్ళు. ఆకలేస్తోంది, కానీ అందరూ రాకుండా మూత ఎలా తీస్తుంది? వదినకి ఒంట్లో బాగోలేదేమో. తౌసిఫ్‌కి సెలవు దొరకలేదేమో. వానొస్తుందని భయపడ్డారేమో. నాసిర్‌కీ మహెక్‌కీ మళ్ళీ మాటామాటా వచ్చిందేమో. ఒక్కో కారణం తెచ్చుకుని, కాసేపు దాన్ని నమ్మి, దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తెచ్చుకుంది. నిన్ననే వచ్చి వెళ్ళిపోయారు అన్నది కూడా తోచింది. దాన్ని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. నాలుగింటికి తుంపర మొదలైంది. ఆమె జంపఖానా మడిచి, క్యారేజీలు ఎత్తుకుని, కొండ దిగి వన్ టౌన్ వైపు నడిచింది.

నాసిర్ ఇంట్లో అందరూ ఉన్నారు. మహెక్ కూడా పుట్టింట్లోనే ఉంది. ఆమెని చూడగానే పిల్లలు చుట్టేశారు.

"ఇప్పుడా రావడం! నిన్న వస్తావేమో అని చూశాం" అంది వదిన.

"మాకు పండగ నిన్న కదొదినా. ఇప్పుడే బస్సు దిగాను" అంది మెహరాజ్. ఆ అబద్ధం దానంతటదే వచ్చింది.

"అయ్యో, భలే మిస్సయ్యావే! నిన్న ఎంత బాగుందో" అని మహెక్ మొదలుపెట్టింది. ఎవరేం తిన్నారు, ఎవరెక్కడ జారిపడ్డారు, అంతా చెప్పింది. మెహరాజ్ తల ఊపుతూ విని, చివరికి అడిగింది.

"చోటెవరు పట్టారక్కా?"

"పట్టడమేంటే? కొండంతా ఖాళీయే. పన్నెండింటికి పోయినా చెట్టు కింద పిట్ట లేదు."

మెహరాజ్ నవ్వింది. వంటింట్లోకి వెళ్ళి క్యారేజీలు విప్పింది. ఇంతెందుకు తెచ్చావని వదిన మురిపెంగా కసిరింది. సరే అందరం కలిసి తిందామని నాసిర్ హాల్లో ఆమె తెచ్చిన జంపఖానానే తీసి దులిపాడు. గచ్చు మీద గడ్డిపోచలు రాలాయి. తడి ఆరని, పచ్చటి గడ్డి. నిద్రగన్నేరు ఆకులు రెండు అంటుకుని ఉన్నాయి. నాసిర్ వంగి ఒక ఆకు తీసుకుని చూశాడు. పిల్లలు ఇంకా గోల చేస్తున్నారు.

"పొద్దున్నే వచ్చావా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఆమె కాదనలేకపోయింది.

"ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదే!"

"ఆగుతారనుకున్నా అన్నయ్యా. నాన్న ఆగేవాడు కదా."

నాసిర్ వంగి రెండో ఆకు కూడా తీశాడు. వానొస్తుందనుకున్నాం అనొచ్చు. పిల్లలు ఏడ్చారు అనొచ్చు. కానీ వాడు చిన్నప్పటి నుంచీ అబద్ధం ఆడటం చేతకాని మనిషి.

"ఆగకూడదని కాదే మెహరాజూ. ఆగాలని మాలో ఎవరికీ గుర్తు రాలేదు."

రోజంతా కొండ మీద ఎన్ని కారణాలు వెతికిందో, వాటిలో ఇది లేదు. కోపం వచ్చినా, ఎవరైనా వద్దన్నా ఆమె తట్టుకునేది, ఎందుకంటే వద్దనడానికైనా ఒకసారి తలుచుకోవాలి. ఇక్కడ అది కూడా జరగలేదు. ఆమెకి ఏడుపు రాలేదు. రానందుకే భయం వేసింది. వదిన పలావు వడ్డించి అందర్నీ పిలిచింది. పిల్లలు జంపఖానా నిండా కూర్చున్నారు. మహెక్ కాస్త జరిగి, "రావే, ఇక్కడ కూచో" అంది. మెహరాజ్ ఆ జరిగిన చోట కూర్చుని, పొద్దుటి నుంచి తినలేదేమో, రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. తెల్లారి మొదటి బస్సుకే చల్లపల్లి వెళ్ళిపోతానంటే, ఉండమని ఇద్దరు ముగ్గురు అన్నారు. ఈసారి రెండోసారి కూడా అన్నారు. ఆమె ఉండలేదు.